పొడిసరుకు ఓడల ఉనికి, లక్షణాల నమోదు: ‘డెర్బీషైర్’ ప్రమాదం నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇనుపఖనిజం, బొగ్గు, ధాన్యం వంటి సరుకును బస్తాల్లో కాక నేరుగా గదుల్లో కుమ్మరించి మోసే పెద్ద ఓడలను బల్క్ క్యారియర్లు అంటారు. నేడు ఇటువంటి ఓడ పేరు, సంఖ్య, పొడవు, మోయగల బరువు, సముద్రంలో అది ఉన్న చోటు క్షణాల్లో తెలుసుకోవచ్చు. ఈ వివరాల పట్టిక ఒక్కరోజులో ఏర్పడినది కాదు. 1980లో మునిగిన బ్రిటిష్ ఓడ ‘డెర్బీషైర్’ చరిత్రను ఆధారంగా చేసుకొని, ఓడల నమోదు పద్ధతి ఎవరి అవసరాల కోసం మొదలై ఎవరి ప్రాణాల వల్ల విస్తరించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బల్క్ క్యారియర్, లోడ్ లైను, డెర్బీషైర్, ఐఎంఓ సంఖ్య, ఏఐఎస్, ఇనుపఖనిజం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:

ఓడ మునిగితే రెండు ప్రశ్నలు పుడతాయి. పోయిన సొత్తు ఎవరిది? పోయిన ప్రాణాలకు బాధ్యులెవరు? చరిత్రలో మొదటి ప్రశ్నకు సమాధానం చాలా ముందే దొరికింది. తెలుగు నేల మీద దానికి ప్రసిద్ధమైన ఆధారం కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం. తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ ఆ శాసనం వర్తకులకు హామీ ఇచ్చింది. వర్తకుడి సొత్తుకు రాజ్యం ఇచ్చిన భరోసా అది. ఓడ నడిపినవారి ప్రస్తావన ఆ హామీలో ప్రధానం కాదు. ఇది ఒక్క కాకతీయుల కాలపు పరిమితి కాదు. ఆధునిక ఐరోపాలోనూ ఓడల వివరాలను క్రమపద్ధతిలో రాసిపెట్టడం సొత్తు రక్షణ కోసమే మొదలైంది. రెండో ప్రశ్న ఆ పుస్తకాల్లోకి చేరడానికి మరికొన్ని శతాబ్దాలు పట్టింది.

2. రిజిస్టరు నుంచి లోడ్ లైను వరకు:

18వ శతాబ్దంలో లండనులోని ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ దుకాణం ఓడల బీమా వ్యాపారానికి కేంద్రంగా ఉండేది. ఓడకు బీమా ఇవ్వాలంటే అది ఎంత గట్టిదో తెలియాలి. ఈ అవసరంతో అక్కడి వర్తకులు 1760లో ఒక సంఘంగా ఏర్పడి ఓడల పుస్తకాన్ని ప్రచురించడం ప్రారంభించారు. నేడు లభిస్తున్న వాటిలో తొలి పుస్తకం 1764-66 కాలానికి చెందినది. అందులో ఓడ పేరు, కెప్టెను పేరు, బరువు, కట్టిన ఏడు వంటి వివరాలతోపాటు ఓడ కలప స్థితిని ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే ఆంగ్ల అచ్చులతోనూ, తెరచాపలు, తాళ్ళు వంటి సామగ్రి స్థితిని మంచి, మధ్యమం, చెడు అనే మూడు తరగతులతోనూ సూచించేవారు. ఓడ లక్షణాల పట్టికకు ఇది తొలి రూపం. దీన్ని చదివేది బీమాదారుడు, సరుకు యజమాని. ఆ ఓడ ఎక్కబోయే నావికుడి చేతికి ఈ పుస్తకం చేరేది కాదు.

ఈ స్థితిని మార్చడానికి ప్రయత్నించినవాడు సామ్యూల్ ప్లిమ్సాల్. ఇంగ్లండులోని డెర్బీ పట్టణం నుంచి పార్లమెంటుకు ఎన్నికైన ఇతడు 1873లో నావికుల దుస్థితిపై ఒక గ్రంథం ప్రచురించాడు. బీమా ధైర్యంతో యజమానులు పాత ఓడలపై మితిమీరిన బరువు ఎక్కించి పంపుతున్నారని అతని ఆరోపణ. ఓడ మునిగినా యజమాని నష్టపోడు. నష్టపోయేది నావికుడి కుటుంబం. ఈ ఆందోళన ఫలితంగా 1876లో వచ్చిన చట్టం ఓడ పక్కభాగంపై బరువు హద్దును తెలిపే గీతను తప్పనిసరి చేసింది. అయితే గీత ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం మొదట యజమానికే మిగిలింది. చట్టమే ఆ స్థానాన్ని నిర్దేశించడానికి 1890 దాకా ఆగవలసి వచ్చింది. తర్వాత 1930లోనూ 1966లోనూ అంతర్జాతీయ లోడ్ లైను ఒప్పందాలు కుదిరాయి. సరుకు గదులపై ఉండే ఇనుప మూతలు, అంటే హాచ్ కవర్లు, ఎంత నీటి బరువును తట్టుకోవాలో కూడా 1966 ఒప్పందం చెప్పింది. ముందుభాగంలోని మూతలకు అది నిర్ణయించిన కనీస ప్రమాణం చదరపు మీటరుకు 1.75 టన్నులు. డెర్బీషైర్ చరిత్రలో ఈ సంఖ్య కీలకమవుతుంది.

3. డెర్బీషైర్: పట్టికలోని ఓడ:

రెండో ప్రపంచయుద్ధానంతరం జపాను ఉక్కు పరిశ్రమ వేగంగా విస్తరించింది. ఇనుపఖనిజాన్ని దూరదేశాల నుంచి తెచ్చుకోవలసి రావడంతో ఓడల పరిమాణం కూడా పెరిగింది. ఈ క్రమంలో పుట్టినవే ఖనిజం, ఇతర పొడిసరుకు, చమురు మూడింటినీ వేర్వేరు ప్రయాణాల్లో మోయగల మిశ్రమ ఓడలు. ఇంగ్లండులోని టీస్ నది తీరాన స్వాన్ హంటర్ సంస్థ ఇలాంటి ఆరు ఓడలను ఒకే నమూనాలో నిర్మించింది. వాటిలో చివరిది 1976లో ‘లివర్‌పూల్ బ్రిడ్జ్’ పేరుతో బిబీ లైన్ సంస్థకు అందింది. 1978లో దాని పేరు ‘డెర్బీషైర్’గా మారింది.

రికార్డుల ప్రకారం ఈ ఓడ పొడవు సుమారు 294 మీటర్లు, వెడల్పు 44 మీటర్లు, స్థూల టన్నేజి 91,655. టైటానిక్ స్థూల టన్నేజితో పోలిస్తే ఇది దాదాపు రెట్టింపు. కాగితం మీద ఓడకు వంక పెట్టడానికి ఏమీ లేదు. వయసు నాలుగేళ్ళు, తరగతి అత్యున్నతం, హాచ్ కవర్లు నాటి నిబంధనలకు అనుగుణం.

1980 జూలై 11న డెర్బీషైర్ 1,57,446 టన్నుల ఇనుపఖనిజంతో కెనడాలోని సెతీల్ రేవు నుంచి జపానులోని కవాసాకికి బయలుదేరింది. ఓడలో 42 మంది సిబ్బంది, వారిలో ఇద్దరి భార్యలు, మొత్తం 44 మంది ఉన్నారు. సెప్టెంబరులో జపాను దక్షిణ సముద్రాల్లో ‘ఆర్కిడ్’ అనే టైఫూన్ దానికి ఎదురైంది. తీవ్రమైన తుఫానులో చిక్కి ముందుకు సాగకుండా అలలకు ఎదురుగా నిలిచి ఉన్నామని సెప్టెంబరు 9న ఓడ నుంచి సందేశం వచ్చింది. అదే చివరిది. ప్రమాద సంకేతమేదీ వెలువడలేదు.

ఓడ ఉనికి తెలుసుకునే పద్ధతులు నాడు ఏ స్థితిలో ఉన్నాయో తర్వాతి రోజులు చూపుతాయి. ఓడ ఎక్కడుందో చెప్పవలసింది ఓడే. అది చెప్పడం మానేస్తే ప్రమాదం జరిగిందా, రేడియో పనిచేయడం లేదా అని ఒడ్డున ఉన్నవారు తేల్చుకోలేరు. ఫలితంగా గాలింపు సెప్టెంబరు 15న గాని మొదలు కాలేదు. ఆరు రోజుల తర్వాత దాన్ని ఆపివేశారు. కొన్ని వారాలకు ఒక జపాను ట్యాంకరుకు డెర్బీషైర్ రక్షణ పడవ ఒకటి ఖాళీగా తేలుతూ కనిపించింది. మనుషుల జాడ దొరకలేదు. సముద్రంలో మునిగిన బ్రిటిష్ రిజిస్టరు ఓడలన్నింటిలోకీ ఇదే పెద్దది.

4. విచారణలు, వివాదం:

ఓడ దొరకలేదు, సాక్షులు లేరు కాబట్టి బహిరంగ విచారణ అవసరం లేదని బ్రిటిష్ ప్రభుత్వం మొదట భావించింది. మృతుల కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి ఈ వైఖరిని వ్యతిరేకించాయి. వారి వాదనకు బలమిచ్చినవి అదే నమూనాలో కట్టిన ఇతర ఓడలు. 1982లో ‘టైన్ బ్రిడ్జ్’ డెక్కుపై పగుళ్ళు కనిపించాయి. 1986 నవంబరులో ‘కౌలూన్ బ్రిడ్జ్’ డెక్కు పగిలి, సిబ్బంది దిగిపోయాక, ఐర్లండు నైరుతి తీరపు రాళ్ళకు కొట్టుకుని ధ్వంసమైంది. సిబ్బంది నివాసాల ముందున్న 65వ ఫ్రేము దగ్గర నిర్మాణలోపం ఉందనీ, డెర్బీషైర్ అక్కడే విరిగిపోయి ఉంటుందనీ కుటుంబాలు అనుమానించాయి.

కౌలూన్ బ్రిడ్జ్ ఘటన తర్వాత 1987లో అధికారిక విచారణ మొదలైంది. ప్రకృతి శక్తుల తాకిడికి ఓడ మునిగిపోయి ఉండవచ్చునని 1989లో అది తేల్చింది. సాక్ష్యం లేనిచోట ఇంతకు మించి చెప్పలేమన్నది విచారణకర్తల దృష్టి. కాని కుటుంబాల దృష్టిలో అది సమాధానం కాదు. తుఫాను అన్ని ఓడలకూ వస్తుంది. ఈ ఓడే ఎందుకు మునిగిందన్నది వారి ప్రశ్న.

5. సముద్రగర్భంలోని సాక్ష్యం:

అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఇచ్చిన నిధులతో 1994లో ఒక బృందం డెర్బీషైర్ శకలాలను సుమారు 4 కిలోమీటర్ల లోతులో కనుగొన్నది. బ్రిటన్, ఐరోపా కమిషన్ ఉమ్మడిగా చేపట్టిన సర్వేలో భాగంగా 1997లో అమెరికాకు చెందిన వుడ్స్ హోల్ సముద్రవిజ్ఞాన సంస్థ శకలాల క్షేత్రమంతటినీ దూరనియంత్రిత యంత్రాలతో చిత్రీకరించింది. ఆ సర్వేలో తీసిన ఛాయాచిత్రాలు 1,35,774. ఒక ఓడ లక్షణాలను దాని మరణానంతరం ఇంత వివరంగా నమోదు చేసిన సందర్భం అంతకుముందు లేదనవచ్చు.

అయితే సాక్ష్యం ఎంత ఉన్నా, దాన్ని చదివే తీరు మరొకటి. 1998లో వెలువడిన నిపుణుల నివేదిక సిబ్బందిని తప్పుపట్టింది. ఓడ ముందుభాగంలో తాళ్ళు, పరికరాలు ఉంచే గది మూతను సరిగా బిగించకపోవడం వల్ల నీరు చేరి ప్రమాదం మొదలైందని అందులో పేర్కొన్నారు. 18 ఏళ్ళు సమాధానం కోసం పోరాడిన కుటుంబాలకు, పోయినవారే తమ చావుకు కారకులన్న నింద ఎదురైంది.

ఈ నివేదికను కుటుంబాలు సవాలు చేయగా, 2000లో న్యాయమూర్తి కోల్‌మన్ ఆధ్వర్యంలో విచారణ తిరిగి ప్రారంభమైంది. ఛాయాచిత్రాలను, నమూనా ఓడలపై జరిపిన అలల పరీక్షలను పరిశీలించి ఆయన వేరే క్రమాన్ని నిర్ధారించారు. ముందు డెక్కుపై ఉన్న గాలిగొట్టాలను అలలు విరగగొట్టాయి. వాటి గుండా గంటల తరబడి నీరు లోపలి గదుల్లోకి దిగింది. ముందుభాగం నెమ్మదిగా కుంగింది. కుంగినకొద్దీ అలలు మొదటి సరుకు గది మూతపై మరింత బరువుతో పడ్డాయి. ఆ మూత కూలింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా మిగిలిన గదులు నిండి ఓడ మునిగింది. పరికరాల గది మూతను సిబ్బంది వదిలివేశారన్న వాదనను తీర్పు తోసిపుచ్చింది. సిబ్బంది నిర్దోషులని తేలింది.

ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. మొదటిది, కుటుంబాలు ఏళ్ళ తరబడి నమ్మిన 65వ ఫ్రేము సిద్ధాంతం ప్రమాదానికి తొలి కారణం కాదని కూడా ఇదే విచారణలో తేలింది. వారి సాంకేతిక అనుమానం నిలవలేదు గాని, ఓడ ఎందుకు మునిగిందో తేల్చవలసిందేనన్న డిమాండు న్యాయమైనదని రుజువైంది. రెండవది, డెర్బీషైర్ నిబంధనలను ఉల్లంఘించిన ఓడ కాదు. చదరపు మీటరుకు 1.75 టన్నులన్న కనీస ప్రమాణానికి అది లోబడే ఉంది. టైఫూన్ అలల బరువు ఆ ప్రమాణానికి లోబడలేదు. పట్టికలో తప్పు లేకపోయినా పట్టిక ఆధారపడిన ప్రమాణమే తక్కువది కావచ్చునని ఈ తీర్పు చూపింది.

6. సంఖ్య, సంకేతం:

డెర్బీషైర్ వివాదం సాగిన రెండు దశాబ్దాల్లోనే ఓడల గుర్తింపు పద్ధతి పూర్తిగా మారింది. ఓడ పేరు మారుతుంది, యజమాని మారతాడు, జెండా మారుతుంది. ‘లివర్‌పూల్ బ్రిడ్జ్’ రెండేళ్ళలో ‘డెర్బీషైర్’ కావడం ఇందుకు ఉదాహరణ. పాత చరిత్రను దాచడానికి ఈ మార్పులు ఉపకరించకుండా అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1987లో ఓడకొక శాశ్వతసంఖ్యను ప్రతిపాదించింది. లాయిడ్స్ రిజిస్టరు వాడుతున్న సంఖ్యలనే ఇందుకు స్వీకరించారు. 1996 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. ఓడ కట్టినప్పుడు వచ్చిన ఈ ఏడంకెల సంఖ్య తుక్కుగా విడగొట్టే వరకూ మారదు.

ఈ సంఖ్యలోనే దాని సరిచూపు ఇమిడి ఉంటుంది. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2లతో గుణించి కూడితే వచ్చే మొత్తంలోని చివరి అంకె ఏడో అంకెతో సమానం కావాలి. 2020లో మారిషస్ తీరంలో చిక్కుకున్న బల్క్ క్యారియర్ ‘వాకాషియో’ సంఖ్య 9337119. పై లెక్కన 63, 18, 15, 28, 3, 2 కలిపితే 129 వస్తుంది. చివరి అంకె 9 సరిపోతుంది. రాతలో ఒక అంకె తప్పుపడితే ఈ లెక్క దాదాపుగా పట్టిస్తుంది. కాని సంఖ్యనే దొంగిలించి వేరే ఓడకు తగిలిస్తే పట్టించలేదు.

ఉనికి విషయంలో వచ్చిన మార్పు ఏఐఎస్ అనే స్వయంచాలిత గుర్తింపు విధానం. 2002 జూలై నుంచి దశలవారీగా అమలైన ఈ విధానంలో ఓడలోని యంత్రం తన చోటు, వేగం, దిశలను కొద్ది సెకన్లకొకసారి, పేరు, కొలతలు వంటి స్థిరవివరాలను 6 నిమిషాలకొకసారి రేడియో ద్వారా ప్రసారం చేస్తుంది. ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండా చూడడం దీని ప్రధాన ఉద్దేశం. తర్వాత ఈ ప్రసారాలను ఉపగ్రహాలు కూడా అందుకోవడంతో నడిసముద్రంలోని ఓడ జాడ కూడా తెలుస్తోంది. దీనికితోడు ఓడ తన చోటును సాధారణంగా 6 గంటలకొకసారి జెండా దేశానికి తెలిపే దూరగుర్తింపు పద్ధతి 2008లో అమల్లోకి వచ్చింది. డెర్బీషైర్ విషయంలో గాలింపుకు ముందు గడిచిన రోజులను ఈ ఆరు గంటలతో పోల్చితే మార్పు ఎంతటిదో తెలుస్తుంది.

7. ఉనికి తెలిసినా తెలియనిది:

అయితే ఓడ ఎక్కడుందో తెలియడం, ఓడ ఎలా ఉందో తెలియడం ఒకటి కాదు. ఏఐఎస్ ప్రసారంలో చోటు, వేగం యంత్రం నుంచి వస్తాయి. గమ్యస్థానం, నీటిలో ఓడ మునిగి ఉన్న లోతు వంటివి సిబ్బంది చేత్తో నమోదు చేసేవి. అవి పాతబడి ఉండవచ్చు, తప్పు కావచ్చు. సరుకు గదిలో నీరు చేరిందా, ఇనుపపలక పలుచబడిందా అన్నది ఆ ప్రసారంలో ఉండదు.

2017 మార్చి 31న దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిన ‘స్టెల్లార్ డెయిసీ’ ఇందుకు ఉదాహరణ. 1993లో చమురు ట్యాంకరుగా నిర్మితమై, తర్వాత ఖనిజపు ఓడగా మార్చిన ఈ నౌక సుమారు 2,60,000 టన్నుల ఇనుపఖనిజంతో బ్రెజిల్ నుంచి చైనాకు వెళుతోంది. ఆధునిక గుర్తింపు పద్ధతులన్నీ అమల్లో ఉన్న కాలమది. అయినా 24 మందిలో ఇద్దరే బ్రతికారు. వాకాషియోది మరో పాఠం. 2020 జూలై 25న పగడపు దిబ్బపైకి ఎక్కిన ఆ ఓడ తీరం వైపు సాగుతున్నంతసేపూ తన ఉనికిని ప్రసారం చేస్తూనే ఉంది. ప్రసారం ఉన్నంత మాత్రాన ప్రమాదం ఆగలేదు.

డెర్బీషైర్ పాఠాన్ని నిజంగా అందుకున్నవి అంతగా ప్రచారం లేని ఇతర నిబంధనలు. బల్క్ క్యారియర్ల భద్రత కోసమే రూపొందిన ప్రత్యేక అధ్యాయం 1999 జూలైలో అంతర్జాతీయ ఒప్పందంలో భాగంగా అమల్లోకి వచ్చింది. సరుకు గదుల్లోనూ ముందుభాగపు గదుల్లోనూ నీరు చేరితే హెచ్చరించే పరికరాలు 2004 జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి. హాచ్ కవర్ల బలానికి సంబంధించిన ప్రమాణాలను పెంచారు. చీకట్లో, తుఫానులో, కంటికి కనిపించని ముందుగదిలో నీరు నిండుతోందని డెర్బీషైర్ కెప్టెనుకు తెలిపే సాధనం లేదు. నేటి కెప్టెనుకు ఉంది.

8. విశాఖ, ఇనుపఖనిజం:

ఈ చరిత్రకు తెలుగు తీరంతోనూ సంబంధముంది. జపాను ఉక్కు పరిశ్రమ అవసరాలే విశాఖపట్నం రేవు విస్తరణకు ఒక ప్రధాన కారణం. బైలాడిలా గనుల ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం నిర్మితమైంది. పెద్ద ఖనిజపు ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ సిద్ధమైంది. డెర్బీషైర్ సేవలోకి వచ్చిన ఏడు కూడా అదే. ఒకే వాణిజ్యావసరం టీస్ నది తీరాన ఓడను, విశాఖలో రేవును పెద్దవి చేసింది.

భారతీయ ఖనిజం మరో లోపాన్ని కూడా బయటపెట్టింది. సన్నని ఇనుపఖనిజపు పొడిలో తేమ మితిమీరితే, ఓడ కుదుపులకు అది ద్రవంలా మారి ఒక పక్కకు జారి ఓడను ఒరగదోస్తుంది. 2009 వర్షాకాలంలో మంగళూరు సమీపాన ‘ఏషియన్ ఫారెస్ట్’, పారదీప్ సమీపాన ‘బ్లాక్ రోజ్’ అనే ఓడలు ఇనుపఖనిజంతో బయలుదేరి మునిగిపోయాయి. ఇటువంటి ఘటనల తర్వాత ఖనిజపు పొడికి ప్రత్యేక నిబంధనలు రూపొంది 2017 జనవరి నుంచి తప్పనిసరి అయ్యాయి. తేమ శాతం ఓడ లక్షణం కాదు, సరుకు లక్షణం. అది నిర్ణయమయ్యేది సముద్రంలో కాదు, రేవులోని ఖనిజపు కుప్ప దగ్గర, అక్కడ నమూనా తీసే ఉద్యోగి చేతిలో.

9. ముగింపు:

పై పరిశీలనను బట్టి కొన్ని నిర్ణయాలకు రావచ్చు. ఓడల లక్షణాల నమోదు సొత్తు రక్షణ కోసం మొదలై, నావికుల ప్రాణరక్షణకు క్రమంగా, ఒత్తిడి వల్ల మాత్రమే విస్తరించింది. లోడ్ లైను, నీటి హెచ్చరిక పరికరం, తేమ పరిమితి ఒక్కొక్కటీ కొన్ని మరణాల తర్వాత వచ్చినవే. డెర్బీషైర్ ఉదంతంలో అధికారిక పత్రాలు 20 ఏళ్ళలో మూడు కారణాలు చెప్పాయి: మొదట ప్రకృతి, తర్వాత సిబ్బంది, చివరకు ప్రమాణాల లోపం. చివరిదాకా రావడానికి కారణం పత్రాలు కావు. మొదటి రెండు సమాధానాలను అంగీకరించని మృతుల కుటుంబాలు.

నేటి పరిశోధకుడికి ఒక ఓడ వివరాలు తెరపై సులభంగా దొరుకుతాయి. పేరు, సంఖ్య, పొడవు, చోటు అన్నీ అందులో ఉంటాయి. హాచ్ కవరు ఎంత అలను తట్టుకుంటుంది, ముందుగదిలో నీరుందా, సరుకులో తేమ ఎంత అన్న ప్రశ్నలకు ఆ తెరపై జవాబుండదు. ఓడల చరిత్రను రాసేవారు పట్టికలో ఉన్నదానితోపాటు పట్టికలో గడి లేనిదాన్ని కూడా ఆధారంగా పరిగణించవలసి ఉంటుంది.